పిల్లలతో ఆపిల్ తోటకు
(ఆదివారపు బడి ఉపాధ్యాయులకును తలిదండ్రులకును)



మన పిల్లలు ఇంగ్లీషు అక్షరములు దిద్దుకొను మొదటి దినముననే ఆపిల్ పండు బొమ్మను చూచుచున్నారు. ఎర్రని పండు, నున్నని తోలు, తొడిమ ప్రక్కన ఒక ఆకు. అయినను మన సుల్తానాబాద్ ప్రాంతపు పల్లెలలో ఆపిల్ చెట్టును చూచిన బిడ్డలు బహు అరుదు. పండును మాత్రము రెండు చోట్ల ఎరుగుదురు: బస్టాండు వద్ద బండి మీదను, ఆసుపత్రిలో మంచము ప్రక్కనను. మనవైపున సేపుపండు రోగుల పండు. ఎవరికైన ఒంట్లో బాగుండలేదనిన, చూడబోవువారు ఒక బ్రెడ్డు పొట్లమును నాలుగు సేపుపండ్లను చేతబట్టుకొని పోవుదురు. ఆరోగ్యముగా ఆడుకొను బిడ్డకు ఆ పండు కొనిపెట్టు ఇండ్లు మన సంఘములలో ఎన్ని యున్నవో మీరే ఎరుగుదురు.

జూను మాసములో, బడులు తెరువక మునుపు, వి.బి.యస్. ముగించిన పిల్లలను 23 మందిని మేమును ముగ్గురు ఉపాధ్యాయులును ఒక తోటకు తీసికొనిపోతిమి. ఆ సంగతి విని ఇతర గ్రామములవారు కొందరు, తామును తమ పిల్లలను ఎక్కడికైన తీసికొనిపోవలెనని తలంచి, ఏమి చూపవలెనో వ్రాయుమని అడిగిరి. అందుచేత ఈ పాఠము.

పిల్లలకు పండు తినిపించి తీసికొనివచ్చుట సులభము. దానికి తోట అక్కరలేదు, బస్టాండు బండి చాలును. చెట్టును చూపుట వేరు పని. చూపువాడు ముందుగా నేర్చుకొని పోవలెను. లేనియెడల పిల్లలు ఆటో దిగి, కేకలు వేసి, పులిహోర తిని, ఫోటో దిగి తిరిగివత్తురు. అటువంటి యాత్రలు మనము చాలినన్ని చేసియున్నాము.

మొట్టమొదట పిల్లలు అడుగునది ఇదియే: ఇంత ఎండగల మన దేశములో సేపు చెట్టు ఎట్లు వచ్చెను? దీనికి జవాబు హిమాచల్ ప్రదేశ్‌లో నున్నది. ఆ రాష్ట్రము పేరు వినగానే మంచు కొండలను తలంచెదము గాని, బిలాస్‌పూర్ జిల్లాలోని పనియాలా అను గ్రామము సముద్రమట్టమునకు సుమారు 1,800 అడుగుల ఎత్తున మాత్రమే యున్నది. అక్కడ వేసవి వేసవివలెనే యుండును. ఆపిల్ తోటలు వేయు ఎత్తు కాదది. 1998లో ఆ గ్రామపు రైతు హరిమన్ శర్మ ఇంటివారు తినుటకు ఆపిల్ పండ్లు కొనితెచ్చి, తిన్న పిమ్మట గింజలను పెరటిలో పారవేసిరి. మరుసటి యేట అక్కడ ఒక మొలక లేచెను. ఆయన దానిని గడ్డితోపాటు పెరికివేయక ఇది ఏమి యని నిలిచి చూచెను, చూచి కాపాడెను. 2001లో అది కాచెను. తరువాత ఆ చెట్టు కొమ్మలు తీసి అంట్లు కట్టి చిన్న తోట చేసెను. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ వారు ఆ మొక్కలను అనేక రాష్ట్రములలో నాటించి పరీక్షించిరి. హెచ్.ఆర్.యం.యన్.-99 అని దానికి పేరు. హరిమన్ అను పేరును ఇంగ్లీషులో వ్రాసి అచ్చులు తీసివేసినయెడల మిగులు అక్షరములే అవి. ఆ రైతునకు 2017లో జాతీయ బహుమానమును, 2025లో పద్మశ్రీయును లభించెను.

ఈ సంగతి పిల్లలకు చెప్పునప్పుడు బహుమానముల దగ్గర ఎక్కువసేపు నిలువవద్దు. పారవేసిన గింజ దగ్గర నిలువుడు. మేము అట్లు చేసితిమి. అది విన్న తరువాత పిల్లలు తోటలో కాళ్ళక్రింద చూచుకొని నడువసాగిరి.

చలి సంగతి కొంత వివరముగా చెప్పవలెను, ఏలయనగా పాఠములో ఇదియే పిల్లలకు ఎక్కువ వింతగా తోచినది. ఆపిల్ చెట్టు చలికాలములో ఆకు రాల్చి నిద్రించును. ఆ నిద్రలో దానికి ఇన్ని గంటల చలి తగులవలెనని యొక లెక్క కలదు. సుమారు 7 డిగ్రీలకు లోబడిన చలి లెక్కకు వచ్చును. కాశ్మీరులోను సిమ్లా కొండలలోను పెరుగు జాతులలో అనేకములకు 800 మొదలు 1,000 గంటలకు పైబడి కావలెను. ఆ లెక్క నిండినగాని మొగ్గ విచ్చదు. ఎందుకట్లు? చలికాలము నడుమ నాలుగు దినములు ఎండ కాచినంతమాత్రమున వసంతము వచ్చెనని చెట్టు మోసపోయి పూచినయెడల, మరల పడు మంచుకు ఆ పూత అంతయు మాడిపోవును. కనుక తొందరపడి లేవకుండ దానిలో ఒక కాపుదల యున్నది. వేసవిలో రామగుండమున ఎండ 45 డిగ్రీలు దాటు సంవత్సరములు మనము చూచియున్నాము. చలికాలమైనను రాత్రి దుప్పటికి తాళునదే గాని మంచు పడునది కాదు. అటువంటి చోట కాశ్మీరు చెట్టు నిద్రనుండి సరిగా మేలుకొననే మేలుకొనదు. పనియాలా జాతికి కొద్దిపాటి చలి చాలును. అందుచేతనే అది ఇంత దూరము దిగి రాగలిగెను.

చలి బొత్తిగా లేని చోటను ఆపిల్ పండించువారు లేకపోలేదు. జావా ద్వీపములోని బాటు అను ఊరి రైతులు చెట్టునకున్న ఆకులన్నిటిని చేతితో దూసివేయుదురు. చెట్టు శీతకాలము వచ్చి పోయినదని తలంచి మరల పూచును. ఈ ఉపాయముచేత ఏటికి రెండు కాపులు తీయుదురు. చెట్టును మభ్యపెట్టుట తప్పా అని మా పిల్లలలో ఒకడు అడిగెను. మేము నవ్వితిమి గాని, ప్రశ్న నవ్వదగినది కాదు.

మన ఉత్తర తెలంగాణములో ఈ పంటకు పేరు తెచ్చిన ఊరు ధనోరా. అది పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనిది; 2016లో జిల్లాలు విభజించినప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరిన కెరమెరి మండలములో నున్నది. కుమురం భీం 1940లో ప్రాణము విడిచిన జోడేఘాట్ ఆ మండలములోనిదే. అక్కడి గుట్టలలో చలికాలపు రాత్రులు 10 డిగ్రీల లోపునకు దిగుట కద్దు. ధనోరా రైతు కేంద్రె బాలాజీ గారు ఈ తక్కువ చలి జాతిని నాటి, తోటల శాఖవారి తోడ్పాటును, హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞుల సలహాను పొంది, కాపు తీసి, 2020 జూన్ మాసములో తొలి పండ్లను నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు గారి చేతికి అందించిరి. విశాఖ మన్యములోని చింతపల్లి, లంబసింగి వైపున కూడ సి.సి.యం.బి. వారు ఆపిల్ మొక్కలు నాటించి చూచిరి. ఇక్కడ ఒక సంగతి గమనింపుడు. కాశ్మీరు పండు మన అంగళ్లకు వచ్చుట ఆగస్టు మొదలుకొని. ఈ జాతి జూనులోనే పండును. అంగడిలో క్రొత్త సేపుపండు లేని కాలమది. ఆ నెలలో బండిమీద కనబడు పండు శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిలువయుండి వచ్చినది కావచ్చును.

ధనోరా మనకు దూరము. పెద్దపల్లిలో రైలెక్కి మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో దిగి, అక్కడనుండి ఘాటు మార్గమున పోవలెను. చిన్నపిల్లలకు ఒక్క దినములో పోయివచ్చుట కష్టము. కనుక మేము మాకు పది కిలోమీటర్ల దూరమున గుట్ట క్రిందనున్న ఒక మామిడి తోటకు పోతిమి. ఆ తోట రైతు ధనోరా సంగతి పత్రికలో చదివి, మామిడి చెట్ల చివరను బావి ప్రక్కన ఎనిమిది ఆపిల్ అంట్లు నాటెను. ఆరు బ్రదికినవి. ఆయన మా సంఘమువాడు కాడు. పిల్లలను తీసికొనివత్తుమా యని అడుగగా, "బడి పిల్లలొస్తే తోటకు కళ" అనెను. మా స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కానుకను అమ్మి రెండు ఆటోల కిరాయి ఇచ్చిరి. ఎవరి బిడ్డ యొద్దను ఒక్క రూపాయి తీసికొనలేదు. ఈ విషయములో ఉపాధ్యాయులు కఠినముగా నుండవలెనని మా మనవి: డబ్బు తెచ్చినవారికే యాత్ర యనినయెడల, ఇంటిదగ్గర మిగిలిపోవు బిడ్డ ఎవరో మనకందరికి తెలియును.

చెట్లు చూడగానే పిల్లలు చిన్నబోయిరి. మనిషి ఎత్తుకు కొంచెము మించిన చెట్లు. ఆరింటికి కలిపి పదునొకండు కాయలు. నిమ్మకాయకంటె పెద్దవి, బస్టాండు పండులో సగము. పసుపుపచ్చని తోలు మీద అక్కడక్కడ ఎర్రని చారలు.

"అయ్యగారూ, గివి సేపుపండ్లేనా? గింత చిన్నగున్నయేంది? ఎర్రగ లేవు గదా?" అని ఒక పిల్ల అడిగెను.

ఆ రైతు తాత జవాబు చెప్పెను. "ఎండకు ఎరుపు పట్టదు బిడ్డా. రాత్రి చలి ఉంటెనే ఎరుపు దిగుతది. మన దగ్గర గంత చలి యాడిది?"

ఆ మాట నిజము. పండు పండు దినములలో రాత్రులు చల్లగా నుండినయెడల తోలునకు ఎరుపు బాగుగా పట్టును. బొమ్మల పుస్తకములోని పండు చల్లని దేశపు పండు. మన ఎండలో పెరిగిన పండు మన ఎండ గుర్తుతో పెరుగును. దానిని చూచి ఇది అసలు సేపు కాదనుట ఎంత తప్పో పిల్లలకు అక్కడనే చెప్పవలెను. నలుపు తెలుపుల మాట మన ఇండ్లలో పిల్లలు రోజును వినుచున్నారు గదా.

కోతుల బాధవలన చెట్లమీద వల కప్పియుండెను. లేనియెడల ఆ పదునొకండు కాయలును మిగులునవి కావు. మేము వలలోనికి పోకముందు పిల్లలకు ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చివరనున్న రెండు ఆజ్ఞలను చెప్పితిమి. పొరుగువాని ద్రాక్షతోటలోనికి పోయినవాడు ఆకలి తీర తినవచ్చును, పాత్రలో వేసికొనరాదు. పొరుగువాని పైరులో వెన్నులు చేతితో త్రుంచుకొనవచ్చును, కొడవలి వేయరాదు. ఎంత సూక్ష్మమైన న్యాయమో చూడుడు. దారిన పోవు ఆకలిగొన్నవానికి హక్కు ఉన్నది, తోటవాని కష్టమునకు కాపుదల ఉన్నది, ఈ రెంటికిని హద్దు చేయి. చేతికి పట్టినది ఆకలి, గంపకు పట్టినది ఆశ. పిల్లలకు ఇది వెంటనే బోధపడెను. అయితే ఆజ్ఞ తినుటకు సెలవిచ్చినను, పదునొకండు కాయల తోటలో 23 మంది ఆకలి తీర తినుట ఏమి న్యాయమని మేమే ఎవరిని ముట్టవద్దంటిమి.

తాత తానే మూడు పండ్లు కోసి చేతికిచ్చెను. వాటితో మేము చేసిన పాఠము ఏ ఆపిల్ పండుతోనైన ఇంటిదగ్గర చేయవచ్చును గనుక వ్రాయుచున్నాము. మనము ఎల్లప్పుడు పండును నిలువుగా కోయుదుము. ఈసారి అడ్డముగా కోయుడు. నడుమ అయిదు రేకుల నక్షత్రము కనబడును. అవి అయిదు గదులు. గదికి సాధారణముగా రెండు గింజలు. మా మూడు పండ్లలో ఒకటి ఒక ప్రక్క ఉబ్బి ఒక ప్రక్క నొక్కుకొనిపోయి యుండెను. కోసి చూడగా నొక్కుకొనిన వైపున గదులలో గింజలు లేవు. పువ్వుపై తేనెటీగ సరిగా వ్రాలక ఆ వైపు గింజ కట్టలేదన్నమాట. గింజ కట్టిన వైపుననే పండు కండ పట్టును. తేనెటీగ రాకను పోకను పండు ఆకారమే సాక్ష్యము చెప్పుచున్నది. మందులు కొట్టి ఈగలను చంపిన తోటలో ఏమగునో పెద్ద పిల్లలు తామే ఊహించిరి. బకెట్టు నీళ్లలో పండును వేసిన తేలును. దానిలో నాలుగవ వంతు గాలియే. గింజలను మాత్రము నమలవద్దని చెప్పుడు. వాటిలో విషపదార్థము కొద్దిగా కలదు.

తరువాత ముఖ్యమైన సంగతి. ఒక పండులోని పది గింజలను పది చోట్ల నాటినయెడల పది రకముల చెట్లు మొలచును. ఒకటియు తల్లివంటిది కాదు. ఒకటి పులుపు, ఒకటి చేదు, ఒకటి గోలీకాయంత. కనుక మంచి చెట్టును నిలుపుకొనుటకు అంటుకట్టుట ఒక్కటే మార్గము. మన పిల్లలు మామిడిలో ఈ సంగతి ఎరుగుదురు. గింజ మామిడి ఎట్లుండునో కాచినగాని తెలియదు. బంగినపల్లి కావలెననిన అంటు నాటవలెను. తాత ప్రతి చెట్టు మొదట నేలకు జానెడు ఎత్తున నున్న ముడిని వ్రేలితో చూపెను. ముడికి క్రింద ఒక చెట్టు, పైన ఒక చెట్టు. పిల్లలు వరుసగా వచ్చి ఆ ముడిని తడవి చూచిరి.

అక్కడ మేము రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము తెరచితిమి. అడవి ఒలీవ కొమ్మ మంచి ఒలీవ చెట్టునకు అంటుకట్టబడిన మాట అందులో నున్నది. రైతు చేయునది దీనికి తలక్రిందులు: మంచి కొమ్మను తీసి మొరటు వేరుకు కట్టును. పౌలు పట్టణవాసి గనుక వ్యవసాయము తెలియక పొరబడెనని కొందరు వ్యాఖ్యాతలు వ్రాసిరి. మా అభిప్రాయము అది కాదు. 24వ వచనములో ఇది స్వభావమునకు విరుద్ధమని ఆయనయే ఒప్పుకొనుచున్నాడు. మరియు ముసలిదై కాపు తగ్గిన ఒలీవకు అడవి కొమ్మ కట్టి బలము తెచ్చుట ఆ కాలమున ఉన్నదని కొలుమెల్లా అను రోమీయ గ్రంథకర్త వ్రాసియున్నాడు. ఏది యెట్లున్నను పౌలు చెప్పదలచినది స్పష్టము. అంటిన కొమ్మ వేరును భరించదు, వేరే కొమ్మను భరించుచున్నది. కనుక ఏ కొమ్మయు మరియొక కొమ్మమీద అతిశయపడ తగదు. మా పిల్లలలో వేరువేరు వాడలవారు ఉన్నారు. ఒకే ఆటోలో కూర్చుండుటకు వెనుకాడిన తల్లులు కూడ ఉండిరి. ఆ ముడి దగ్గర ఆ వాక్యము చదివినప్పుడు మేము వేరుగా వ్యాఖ్యానము చేయలేదు.

బొమ్మల పుస్తకములోని ఎర్రని పండుకు కూడ ఒక కథ యున్నది, అది పనియాలా కథకు తోబుట్టువు. అమెరికాలోని అయోవా రాష్ట్రములో జెస్సీ హయట్ అను రైతు తన తోటలో వరుస తప్పి మొలచిన ఒక ఆపిల్ మొక్కను నరికివేసెను. అది మరల చిగిర్చెను. మరల నరికెను; మరల చిగిర్చెను. అంత పట్టుదలగల దానిని బ్రదుకనిమ్మని విడిచిపెట్టెనని చెప్పుదురు. ఆ చెట్టు పండును స్టార్క్ సోదరులు అను మొక్కల వర్తకులు కొని 'డెలీషియస్' అను పేర లోకమంతట వ్యాపింపజేసిరి. దానిని మన దేశపు కొండలకు తెచ్చి నాటినవాడు శామ్యుయేల్ ఎవాన్స్ స్టోక్స్. ఆయన 1904లో అమెరికానుండి సిమ్లా కొండల ప్రాంతమున సబాతూలోని కుష్ఠురోగుల ఆశ్రమములో సేవ చేయుటకు వచ్చిన యువకుడు. కోట్‌గఢ్‌లో స్థిరపడి, కొండ రైతుల పేదరికము చూచి, 1916లో అమెరికానుండి ఈ జాతి మొక్కలు తెప్పించెను. అంతకుముందు ఇంగ్లీషువారు తెచ్చిన జాతులు పుల్లనివి. మనవారి నాలుకకు నచ్చినది ఈ తీపి పండు. ఆ కొండలలో ప్రయాణపు దొరలకు జనులు మోయు వెట్టికి వ్యతిరేకముగా ఆయన నిలిచి పోరాడెను. వెట్టి అనగానేమో మన తెలంగాణమువారికి చెప్పనక్కరలేదు. 1921లో స్వరాజ్య ఉద్యమమందు చెరసాలకు పోయెను. 1932లో ఆయన హిందూమతము స్వీకరించి సత్యానంద్ అను పేరు ధరించెను, 1946లో గతించెను. ఈ చివరి సంగతిని కొందరు చెప్పక దాటవేయుదురు. మేము పిల్లలకు దాచలేదు. ఆయన నాటిన చెట్ల నీడ ఏ మతమువాడని అడిగి పడలేదు గదా.

"హవ్వమ్మ తిన్నది ఈ పండేనా?" అను ప్రశ్న ఏ ఆదివారపు బడిలోనైన వచ్చును. ఉపాధ్యాయులు తడబడక, ఆదికాండము 3వ అధ్యాయము తెరచి పిల్లలచేతనే వెదకింపవలెను. ఆ పండుకు అక్కడ పేరు లేదు. పేరుగల చెట్టు ఒక్కటే, అది అంజూరము. దానినుండి వారు తీసినవి ఆకులు. లాటిను భాషలో చెడుగు అను మాటయు ఆపిల్ అను మాటయు వ్రాతలో ఒక్కటిగా నుండుట ఈ తలంపునకు తోడయ్యెను. 1667లో ఇంగ్లీషు కవి మిల్టను తన కావ్యములో ఆ పండును ఆపిల్ అనెను. చిత్రకారులు ఎర్రగా రంగు వేసిరి. క్యాలెండరు బొమ్మలలో అది మన ఇండ్లకు వచ్చెను. పాపము నిందను ఒక పండు ఊరకయే మోయుచున్నది.

బైబిలులో ఆపిల్ ఎక్కడ యున్నదని అడిగినయెడల జవాబు మరికొంత చిక్కు. హెబ్రీ భాషలో తప్పూఆ అను చెట్టు కలదు. తప్పూయ అని యెహోషువ గ్రంథములో ఊరి పేరు కూడ కలదు. ఇంగ్లీషువారు దానిని ఆపిల్ అనిరి. మన పాత తెలుగు అనువాదములో పరమగీతము 2వ అధ్యాయమునను యోవేలు 1వ అధ్యాయమునను 'జల్దరు' అని యున్నది. పారసీలో జర్దాలు అను మాట కలదు. హైదరాబాదు విందులలో ఖుబానీ మిఠాయి చేయు పండు అదియే. మన అనువాదకులు ఆ మాట పెట్టిరనిన, నీడయు తీపియు వాసనయు గల ఆ చెట్టు ఏదో వారికిని సంపూర్ణముగా తేలలేదని తలంచవచ్చును. పండితులు నేటికిని వాదించుచున్నారు. సామెతలు 25:11లో మాత్రము చెట్టు పేరు వదలి ఊరకే పండ్లు అని వ్రాసిరి. ఇంకొక వింత: ఎండ దేశములకు తగిన ఆపిల్ జాతులలో పేరుగల 'అన్నా' అనునది ఇశ్రాయేలు దేశములోని ఎయిన్ షెమెర్ అను పల్లెలో గత శతాబ్దపు నడిమి కాలమున అబ్బా స్టెయిన్ అనునతడు సంకరపరచి పుట్టించినదే.

ఇక తండ్రులకు ఒక మాట. పిల్లలు ఇంటికి పోయి చెప్పగానే మరునాడే ముగ్గురు రైతులు మా యొద్దకు వచ్చిరి. ఒక అర ఎకరము వరి తీసి సేపు పెట్టుదుమా యని వారి ప్రశ్న. మొక్కలమ్మువారు మూడవ యేటనే లక్షలు వచ్చునని చెప్పుచున్నారట. లేవీయకాండము 19వ అధ్యాయములో 23వ వచనమునుండి చదువుడని మేము చెప్పితిమి. నాటిన చెట్టు పండును మూడు సంవత్సరములు తినకూడదు. నాలుగవ యేటిది దేవునిది. అయిదవ యేట తినవచ్చును. నేటి తోటల శాస్త్రమును ఇట్టి మాటయే చెప్పుచున్నది: లేత చెట్టుకు మొదటి రెండు మూడేండ్ల పూత త్రుంచివేయవలెను, అప్పుడే వేరును కొమ్మయు బలపడును. అటువంటి పంటను వడ్డీ డబ్బుతో పెట్టువాడు పూతను త్రుంచగలడా? వడ్డీ అయిదవ యేటివరకు ఆగునా? ప్రత్తి కాలములో అప్పులవాడు గడపలో కూర్చున్న దినములను మన కుటుంబములు మరచిపోలేదు. శ్రీరామసాగర్ కాలువ నీరు పారు మన వరి మళ్లలో నీరు నిలుచును. ఆపిల్ వేరు నిలువ నీటిని తాళదు. ఆ తాతయు బావిగట్టు మీద ఎత్తున నాటెను గాని మడిలో నాటలేదు. కావలెనన్నవారు పెరటిలో రెండు అంట్లు నాటి, అంటు ముడి యున్నదో లేదో చూచి కొని, మండల తోటల అధికారిని అడిగి, నాలుగేండ్లు చూడుడు. ధనోరా తోట ఎందరో శాస్త్రజ్ఞుల చూపు క్రింద పెరిగిన తోట యని మరువకుడు. మా మాట విని ఒకరు నొచ్చుకొనిరి. ఇద్దరు రెండేసి మొక్కలకు ఒప్పుకొనిరి.

మూడు పండ్లను 23 ముక్కలు చేసి పంచితిమి. చాలమంది ఒక్క నిమిషములో ముగించిరి. పులుపు కలిసిన తీపి. కొందరికి నచ్చలేదు, బండిమీది పండే బాగున్నదనిరి, అనవచ్చును. ఒక పిల్ల మాత్రము తన ముక్కను మోదుగ ఆకులో చుట్టి కొంగున ముడివేసికొనెను. ఎందుకనగా, "మా నాయనమ్మకు పానం బాగలేదు" అనెను. సాయంకాలమునకు అది నల్లబడునని ఉపాధ్యాయురాలు చెప్పెను. కోసిన పండు గాలి తగిలి రంగు మారునే గాని చెడిపోదనియు, నిమ్మరసము రాచిన ఆలస్యముగా మారుననియు ఆ సమయముననే అందరికి చెప్పితిమి. తాత ఒక నిమ్మకాయ తెచ్చియిచ్చెను.

గింజలను పిల్లలు ఒక్కటియు పారవేయలేదు. ఇరువది ఆరు లెక్కకు వచ్చినవి. ఆపిల్ గింజకు కూడ చెట్టువలెనే చలి నిద్ర కావలెను. ఊరక మట్టిలో పెట్టినయెడల ఎక్కువ భాగము మొలవవు. తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో క్రింది అరలో రెండు నెలలు ఉంచి, అప్పుడప్పుడు తడి చూచి, పిమ్మట నాటవలెను. ఇంట ఫ్రిజ్జు గల ఒక సంఘ సహోదరి తీసికొని దాచిరి. ఆమె యింటికి పిల్లలు రెండు దినములకొకసారి పోయి తలుపు తెరువుమని అడుగుచున్నారని ఆమె ఫిర్యాదు.

ఆపిల్ చెట్టు దొరకని గ్రామములవారు నిరాశపడనక్కరలేదు. జగిత్యాల వైపువారికి మామిడి తోటలున్నవి. అంటు ముడి అక్కడను చూపవచ్చును. వానలు వెనుకబట్టి దసరా సెలవులు వచ్చునప్పటికి మన గుట్టలమీద సీతాఫలము పండును. దానిని ఎవరును నాటలేదు, ఎవరును నీరు పోయలేదు, ఇంగ్లీషులో దానికిని ఆపిల్ అను తోక తగిలించిరి. ఒక కాయలో ఎన్ని గింజలో లెక్కింపుడు. ఒక్కొక్క గింజ చుట్టునున్న తొన ఒక్కొక్క చిన్న పండని, అవన్నియు కలిసి ఒక్క కాయ అయినవని చూపుడు. గింజలను కండ్లకు తగులనీయకుడు, మంట పెట్టును. గుట్ట ఎక్కుటకు ఉదయము ఏడు గంటలకే బయలుదేరుడు. త్రాగు నీరు మీరే తీసికొనిపోవుడు. పిల్లలను ఎక్కించునప్పుడును దించునప్పుడును పేరు పిలిచి లెక్క చూచుకొనుడు.